అమీర్‌పేటలో ఈసీజీల తేడా.. యూరప్‌లో 700 మందులకు బ్రేక్: అక్కడి నిబంధనలు మనల్ని ఎలా తాకుతాయి?

బేగంపేటలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి మైత్రీవనం వైపు నడిస్తే స్వర్ణజయంతి కాంప్లెక్స్ కనిపిస్తుంది. హెచ్‌ఎండీఏ ఆఫీసులో పని మీదో, చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల కోసమో మీరు ఎప్పుడో ఒకప్పుడు ఆ దారిలో వెళ్లే ఉంటారు. 2014 మేలో ఈ కాంప్లెక్స్ చిరునామాతో పనిచేస్తున్న ఒక క్లినికల్ పరిశోధన కేంద్రానికి ఫ్రాన్స్ నుంచి ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. అక్కడి రికార్డుల్లో ఈసీజీలను తిరగేశారు. వాటిలో తేడాలు బయటపడ్డాయి.

పద్నాలుగు నెలల తర్వాత యూరోపియన్ కమిషన్ ఒక ఆదేశం జారీ చేసింది. ఆ కేంద్రంలో చేసిన పరీక్షల ఆధారంగా అనుమతులు పొందిన దాదాపు 700 మందుల అమ్మకాలను నిలిపేయాలన్నది దాని సారాంశం. దాంతో భారత్ ఏకంగా యూరప్‌తో వాణిజ్య చర్చలనే వాయిదా వేసింది.

ఫార్మా షేర్లు కొన్నవారు, ఆ రంగంలో ఉద్యోగం చేస్తున్నవారు, యూరప్‌కు సరుకో సేవలో అమ్మాలనుకునే చిన్న వ్యాపారులు, డబ్బు కోసం మందుల పరీక్షలకు వెళ్లే యువకులు.. వీళ్లందరికీ ఈ కేసుతో సంబంధం ఉంది. అసలేం జరిగింది? యూరప్ చట్టం అమీర్‌పేట దాకా ఎలా వస్తుంది? మీరు ముందుగా ఏం చూసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు కేసు ఏమిటి?

ఆ సంస్థ పేరు జీవీకే బయోసైన్సెస్. ఇప్పుడు అరాజెన్ లైఫ్ సైన్సెస్‌గా పేరు మారింది. పెద్ద కంపెనీలు తమ జెనరిక్ మందులను మనుషుల మీద పరీక్షించే పనిని ఇలాంటి సంస్థలకు అప్పగిస్తాయి.

ఘటనల క్రమం ఇదీ.

- 2014 మే: ఫ్రాన్స్ ఔషధ నియంత్రణ సంస్థ ఏఎన్‌ఎస్‌ఎం హైదరాబాద్ కేంద్రాన్ని తనిఖీ చేసింది. ఈసీజీ రికార్డులను తారుమారు చేశారని, ఇది కనీసం ఐదేళ్లుగా సాగిందని తేల్చింది.
- 2014 సెప్టెంబర్: యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ (ఈఎంఏ) పూర్తిస్థాయి సమీక్ష మొదలుపెట్టింది.
- 2014 డిసెంబర్: సమీక్ష పూర్తయ్యేదాకా ఆగకుండా ఫ్రాన్స్, జర్మనీ తమ దేశాల్లో కొన్ని మందుల అనుమతులను నిలిపేశాయి.
- 2015 జనవరి: ఈఎంఏ నిపుణుల కమిటీ వెయ్యికి పైగా మందులను పరిశీలించింది. ఇక్కడ ‘మందులు’ అంటే ఒకే ఔషధంలోని వేర్వేరు మోతాదులు, రూపాలను విడివిడిగా లెక్కించినవి. వీటిలో 300కు పైగా మందులకు వేరేచోట చేసిన పరీక్షల ఆధారాలు ఉన్నాయి కాబట్టి కొనసాగనిచ్చింది. మిగిలిన సుమారు 700 మందులను నిలిపేయాలని సిఫారసు చేసింది.
- 2015 మే: కొన్ని కంపెనీలు పునఃపరిశీలన కోరాయి. కమిటీ దాదాపుగా అదే నిర్ణయాన్ని ఖరారు చేసింది.
- 2015 జులై: యూరోపియన్ కమిషన్ ఆదేశం వెలువడింది. సభ్య దేశాలన్నీ ఆగస్టు 21 నాటికి అమలు చేయాలని గడువు పెట్టింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ మందుల వల్ల ఎవరికైనా హాని జరిగినట్లు గానీ, అవి పనిచేయనట్లు గానీ ఆధారాలు లేవని ఈఎంఏ స్వయంగా చెప్పింది. మరి ఎందుకు ఆపారు? దీనికి జవాబు ఆ పరీక్ష స్వభావంలో ఉంది.

ఆ కేంద్రంలో చేసే పరీక్ష ఏమిటి?

కొత్త మందు కనిపెట్టిన కంపెనీ ఏళ్ల తరబడి వేల మంది రోగులపై ప్రయోగాలు చేసి, అది పనిచేస్తుందని నిరూపిస్తుంది. పేటెంట్ గడువు తీరాక అదే మందును తయారుచేసే జెనరిక్ కంపెనీ మళ్లీ అవన్నీ చేయక్కర్లేదు. ‘నా మాత్ర మింగినా, అసలు కంపెనీ మాత్ర మింగినా రక్తంలోకి మందు ఒకేలా చేరుతుంది’ అని చూపిస్తే చాలు. దీన్నే బయో ఈక్వివలెన్స్ పరీక్ష అంటారు. క్లుప్తంగా బీఈ స్టడీ.

ఇందుకు ఆరోగ్యంగా ఉన్న కొంతమందిని ఎంపిక చేస్తారు. యూరప్ మార్గదర్శకాల ప్రకారం కనీసం 12 మంది ఫలితాలైనా ఉండాలి. వాళ్లలో సగం మందికి ముందు అసలు మందు, మిగతా సగానికి జెనరిక్ ఇస్తారు. కొన్ని రోజుల విరామం తర్వాత అటుది ఇటు, ఇటుది అటు మారుస్తారు. ప్రతిసారీ గంటగంటకో, ఇంకా తక్కువ వ్యవధిలోనో రక్తం తీస్తారు. రక్తంలో మందు గరిష్ఠంగా ఎంతకు చేరింది, మొత్తమ్మీద ఎంత చేరింది అన్నవి లెక్కకడతారు.

రెండు మందుల నిష్పత్తికి గణాంకాల ప్రకారం ఒక పరిధి గీస్తారు. ఆ పరిధి మొత్తం 80 నుంచి 125 శాతం మధ్యలో ఉండాలి. అంటే మాత్రలో మందు 20 శాతం తగ్గినా ఫర్వాలేదని అర్థం కాదు. పరిధి మొత్తం ఆ గీతల లోపలే ఉండాలి కాబట్టి, రెండు మందుల సగటు విలువలు బాగా దగ్గరగా ఉంటేనే పరీక్ష గట్టెక్కుతుంది.

కొన్ని డజన్ల మంది రక్త నమూనాల మీద ఒక మందు భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. ఆ మందు పనిచేస్తుందనడానికి జెనరిక్ కంపెనీ స్వయంగా తెచ్చే ఆధారాల్లో ఇదే కీలకం.

ఈసీజీకి, రక్త పరీక్షకు సంబంధం ఏమిటి?

అప్పట్లో నడిచిన వాదనంతా దీని చుట్టూనే. బీఈ స్టడీలో ఈసీజీ తీసేది వలంటీరు గుండె బాగుందో లేదో చూడటానికి. రక్తంలో మందు ఎంత ఉందన్న లెక్కలో దాని పాత్ర లేదు. కాబట్టి ఈసీజీల్లో తేడా ఉన్నా, బీఈ ఫలితాలకు వచ్చిన ఇబ్బందేమీ లేదన్నది కంపెనీ వాదన.

యూరప్ నియంత్రణ సంస్థలు దీన్ని మరో కోణంలో చూశాయి. ఈసీజీ తీయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వలంటీరు ఎదురుగానే ఉంటాడు. ఆ పని కూడా సరిగా చేయకుండా రికార్డు సృష్టించారంటే, అదీ ఏళ్ల తరబడి, పలువురు సిబ్బంది చేతుల మీదుగా జరిగిందంటే.. మిగతా రికార్డులను ఏ ధైర్యంతో నమ్మాలి? ఈఎంఏ తన నిర్ణయానికి చెప్పిన కారణాలు ఇవే. తారుమారు ఒక పద్ధతిగా జరగడం, సుదీర్ఘకాలం సాగడం, అందులో పాల్గొన్న సిబ్బంది సంఖ్య. వీటివల్ల ఆ కేంద్రంలో పరీక్షలు నిర్వహించే తీరు మీదే అనుమానం వచ్చిందని చెప్పింది.

బ్యాంకు క్యాషియర్ ఒక చిన్న ఖాతాలో దొంగలెక్క రాసి దొరికిపోతే, మిగతా ఖాతాలు బాగున్నాయని అతని మాట మీద వదిలేయరు కదా. అన్నీ మళ్లీ లెక్కపెడతారు. ఇక్కడా అదే తర్కం. మందు చెడ్డదని రుజువు కాలేదు. మంచిదనడానికి చూపిన ఆధారం చెల్లకుండా పోయింది. యూరప్ చట్టంలో రుజువు చేసుకునే బాధ్యత అమ్మేవారిదే కాబట్టి, ఆధారం పోతే అనుమతీ నిలవదు.

యూరప్ ఆదేశం హైదరాబాద్‌కు ఎలా వర్తిస్తుంది?

నిజానికి వర్తించదు. అమీర్‌పేటలోని కేంద్రాన్ని మూసేయమని చెప్పే అధికారం యూరోపియన్ కమిషన్‌కు లేదు. దాని చేతిలో ఉన్నది తన మార్కెట్ తలుపు మాత్రమే. ఆ తలుపు దగ్గర అడిగే కాగితాలు సరిగా ఉండాలంటే మీరు ఇక్కడ అన్నీ సరిగా చేయాలి.

యూరప్‌లో మందు అమ్మాలంటే ‘మార్కెటింగ్ ఆథరైజేషన్’ అనే లైసెన్సు కావాలి. ఈ లైసెన్సుదారు యూరప్‌లోనే స్థిరపడిన సంస్థ అయి ఉండాలి. ఔషధాలకు సంబంధించిన ప్రధాన చట్టం 2001లో వచ్చిన డైరెక్టివ్. అందులోని 31వ ఆర్టికల్ కింద, ఏదైనా మందుల గుంపు మీద యూరప్ ప్రజల ఆరోగ్య ప్రయోజనాలకు సంబంధించిన సందేహం వస్తే మొత్తం కూటమి తరఫున ఒకే సమీక్ష చేస్తారు. జీవీకే కేసు నడిచింది దీని కిందే. కమిషన్ తుది ఆదేశం ఇచ్చాక సభ్య దేశాలన్నీ పాటించాల్సిందే.

ఇందులో వ్యాపారులు తప్పక గమనించాల్సిన సంగతి ఒకటుంది. తప్పు జరిగింది ల్యాబ్‌లో. శిక్ష పడింది లైసెన్సుదారులకు. పునఃపరిశీలన కోరే హక్కు కూడా లైసెన్సు ఉన్న కంపెనీలదే. పరీక్ష చేయించుకుని, డబ్బు చెల్లించి, నివేదిక తీసుకెళ్లిన కంపెనీలు ఏళ్ల తర్వాత మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మళ్లీ అమ్మాలంటే కొత్తగా బీఈ ఆధారాలు చూపించాలి.

రోగులకు ప్రత్యామ్నాయం లేని అత్యవసర మందుల విషయంలో మాత్రం కొంత వెసులుబాటు ఇచ్చారు. సస్పెన్షన్‌ను వాయిదా వేసే అధికారం ఆయా దేశాలకే వదిలేశారు. అలాంటి మందులకు కంపెనీలు 12 నెలల్లో కొత్త ఆధారాలు సమర్పించాలని చెప్పారు.

భారత్ ఎలా స్పందించింది?

కేంద్ర వాణిజ్య శాఖ గట్టిగానే స్పందించింది. ఈ మందుల్లో చాలావరకు ఏళ్లుగా యూరప్‌లో అమ్ముడవుతున్నాయని, దుష్ప్రభావాలపై ఫిర్యాదులు లేవని గుర్తుచేసింది. 2015 ఆగస్టు 28న జరగాల్సిన వాణిజ్య ఒప్పంద చర్చలను వాయిదా వేస్తున్నట్లు ఆగస్టు 5న ప్రకటించింది. 2007లో మొదలై 2013 నుంచి ఆగిపోయిన చర్చలవి. అప్పుడు వాయిదా పడిన ఈ ఒప్పంద సంప్రదింపులు అధికారికంగా తిరిగి మొదలైంది 2022 జూన్‌లో.

అయితే ప్రభుత్వం అలిగినా కమిషన్ ఆదేశం మారలేదు. వాణిజ్య ఒప్పందాలు సుంకాలను తగ్గించగలవు. ఔషధ ప్రమాణాలను మాత్రం తగ్గించలేవు. భవిష్యత్తులో ఏ ఒప్పందం గురించి చదివినా ఈ తేడా గుర్తుంచుకోండి.

ఆ తర్వాత పరిస్థితి మారిందా?

పూర్తిగా మారలేదు. 2017 మార్చిలో చెన్నైకి చెందిన మైక్రో థెరప్యూటిక్ రీసెర్చ్ ల్యాబ్స్‌లో పరీక్షించిన 300కు పైగా మందులను నిలిపేయాలని ఈఎంఏ సిఫారసు చేసింది. 2023 డిసెంబర్‌లో పుణెలోని సినాప్స్ ల్యాబ్స్ వంతు వచ్చింది. అక్కడ పరీక్షించిన 400కు పైగా మందులను పరిశీలిస్తే, వాటిలో 35 వరకే వేరే ఆధారాలు దొరికాయి. పునఃపరిశీలన తర్వాత 2024 మార్చిలోనూ ఈఎంఏ దాదాపు అదే మాట మీద నిలబడింది.

మూడు కేసుల్లోనూ తీరు ఒక్కటే. మందులో లోపం దొరికిందని కాదు, డేటాను నమ్మలేమని ఆపారు. అంటే యూరప్ మార్కెట్‌కు సంబంధించి అసలు రిస్కు ఫ్యాక్టరీలోనే కాదు, రికార్డు రూములోనూ ఉంటుంది.

మదుపరులకు ఇంకో కోణం: అక్కడి ధరల చట్టాలు

అన్ని కాగితాలూ సరిగా ఉన్నా నష్టపోవచ్చు. దానికి ఉదాహరణ కూడా అమీర్‌పేట నుంచే ఉంది.

2006లో డాక్టర్ రెడ్డీస్ ప్రధాన కార్యాలయం అమీర్‌పేటలో ఉండేది. ఆ ఏడాది ఆ కంపెనీ జర్మనీలోని బీటాఫార్మ్ అనే జెనరిక్ కంపెనీని 48 కోట్ల యూరోలకు కొనుగోలు చేసింది. అప్పటికి అది జర్మనీ జెనరిక్ రంగంలో నాలుగో పెద్ద సంస్థ. దాని బలమంతా డాక్టర్ల దగ్గరకు వెళ్లి తమ బ్రాండు రాయించే సేల్స్ బృందం.

అదే ఏడాది మేలో జర్మనీ మందుల ధరలు తగ్గించే చట్టం అమల్లోకి తెచ్చింది. 2007 ఏప్రిల్‌లో మరో ఆరోగ్య సంస్కరణ వచ్చింది. దాంతో ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి, తక్కువ ధరకు ఇచ్చే కంపెనీతో రాయితీ ఒప్పందాలు చేసుకోవడం ఊపందుకుంది. డాక్టర్ ఏ బ్రాండు రాసినా, సాధారణంగా ఫార్మసిస్టు ఒప్పందం ఉన్న కంపెనీ మందే ఇవ్వాలి. డాక్టర్లను ఒప్పించే సేల్స్ బృందానికి ఒక్కసారిగా విలువ పడిపోయింది.

ఫలితం? బీటాఫార్మ్ విలువ తగ్గినట్లు చూపిస్తూ 2008-09లో డాక్టర్ రెడ్డీస్ తన పుస్తకాల్లో వెయ్యి కోట్ల రూపాయలకు పైగా కోత పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది కంపెనీ నికర నష్టం చూపించింది. ఇందులో ఎవరూ నిబంధనలు ఉల్లంఘించలేదు. నిబంధనే మారింది.

యూరప్ అంటే ఒకే మార్కెట్ అని అనుకుంటే పొరపాటు. మందు నాణ్యత, అనుమతుల నిబంధనలు చాలావరకు ఉమ్మడివి. ధర ఎంత, బీమా ఎంత చెల్లిస్తుంది అన్నది మాత్రం ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది.

మీరు ఫార్మా షేర్లు కొంటుంటే ఏం చూడాలి?

1. స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రకటనలు: సెబీ లిస్టింగ్ నిబంధనల్లోని 30వ నిబంధన ప్రకారం, కంపెనీ మీద గణనీయమైన ప్రభావం చూపే పరిణామాలను లిస్టెడ్ కంపెనీలు ఎక్స్ఛేంజీలకు తెలియజేయాలి. బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో కంపెనీ పేరు కొట్టి ‘అనౌన్స్‌మెంట్స్’ చూడండి. అయితే జీవీకే బయో లిస్టెడ్ కంపెనీ కాదు. దెబ్బ తగిలింది దానికి పని ఇచ్చిన కంపెనీలకు. కాబట్టి మీ కంపెనీ ప్రకటనల్లో తనిఖీ కనిపించకపోయినా, దాని బీఈ పరీక్షలు చేసే చోట సమస్య ఉండొచ్చు.

2. యూడ్రాజీఎండీపీ: ఇది ఈఎంఏ నిర్వహించే డేటాబేస్. లాగిన్ అక్కర్లేదు, ఉచితం. దేశం, నగరం, కంపెనీ పేరుతో వెతకొచ్చు. యూరప్ అధికారులు తనిఖీ చేసిన ఫ్యాక్టరీలకు ఇచ్చిన జీఎంపీ సర్టిఫికెట్లు, లోపాలు దొరికితే ఇచ్చిన ‘నాన్ కంప్లయన్స్’ నివేదికలు అందులో ఉంటాయి. సర్టిఫికెట్‌లో తనిఖీ తేదీ, ఏయే ఉత్పత్తులకు వర్తిస్తుందో చదవండి. గమనిక: జీఎంపీ సర్టిఫికెట్లు తయారీ కేంద్రాలకు మాత్రమే. బీఈ ల్యాబుల సంగతి వీటిలో దొరకదు.

3. ఈఎంఏ సైట్‌లో ‘రిఫరల్స్’ విభాగం: బీఈ ల్యాబుల మీద సమీక్షలు ఇక్కడ కనిపిస్తాయి. ఏయే మందులు ప్రభావితమవుతాయో జాబితాలు కూడా పెడతారు.

4. వార్షిక నివేదిక: ఆదాయంలో యూరప్ వాటా ఎంత? ఒకే ఫ్యాక్టరీ మీద ఎంత ఆధారపడుతోంది? విదేశీ కంపెనీని కొంటే ‘గుడ్‌విల్’ కింద ఎంత చూపించారు? మూడో ప్రశ్నకు జవాబు పెద్ద అంకె అయితే బీటాఫార్మ్ కథ గుర్తుకు తెచ్చుకోండి.

చిన్న ఎగుమతిదారులైతే ఎవరిని కలవాలి?

ఈ విషయంలో అమీర్‌పేట చుట్టుపక్కల ఉండేవారికి ఒక సౌలభ్యం ఉంది. ముఖ్యమైన ఆఫీసులన్నీ దగ్గర్లోనే ఉన్నాయి.

- ఫార్మెక్సిల్: ఔషధ ఎగుమతుల ప్రోత్సాహక మండలి. అమీర్‌పేటలోని ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో ఉంది. ఎగుమతిదారుల సభ్యత్వం, ఏ దేశానికి ఏ కాగితాలు కావాలన్న సమాచారం ఇక్కడ దొరుకుతుంది.
- సీడీఎస్‌సీఓ జోనల్ ఆఫీసు: కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ. ఎస్‌ఆర్ నగర్‌లో టీబీ డిమాన్‌స్ట్రేషన్ సెంటర్ పక్కన ఉంది.
- రాష్ట్ర ఔషధ నియంత్రణ మండలి (డీసీఏ): వెంగళరావునగర్‌లో ఉంది. తయారీ లైసెన్సుల పని ఇక్కడే.

ముడి ఔషధాలు, అంటే ఏపీఐలు పంపేవారు ‘రిటెన్ కన్ఫర్మేషన్’ గురించి తప్పక తెలుసుకోవాలి. ఈ ముడి ఔషధాన్ని యూరప్ ప్రమాణాలకు సమానమైన పద్ధతిలో తయారుచేశారని మన ప్రభుత్వ నియంత్రణ సంస్థ రాసిచ్చే పత్రమిది. నకిలీ మందుల నిరోధానికి యూరప్ తెచ్చిన చట్టం కింద 2013 జులై 2 నుంచి దీన్ని తప్పనిసరి చేశారు. మన దగ్గర దీన్ని సీడీఎస్‌సీఓ ఇస్తుంది.

తయారైన మందులకు దారి వేరు. ఫ్యాక్టరీని యూరప్ అధికారులు తనిఖీ చేయాలి. సరుకు వెళ్లాక అక్కడి దిగుమతిదారు దగ్గర ‘క్వాలిఫైడ్ పర్సన్’ అనే అర్హత గల నిపుణుడు ప్రతి బ్యాచ్‌కూ సంతకం చేయాలి. అది లేకుండా మార్కెట్‌లోకి వెళ్లదు.

ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఈ మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండేలా చూసుకోండి. లైసెన్సు ఎవరి పేరున ఉంటుంది? పరీక్ష చేసిన ల్యాబ్ డేటా చెల్లకపోతే తిరిగి చేయించే ఖర్చు ఎవరిది? వెనక్కి వచ్చిన సరుకు నష్టం ఎవరు భరించాలి? యూరప్ వ్యవహారాలు తెలిసిన లాయర్‌కు ఒకసారి చూపించడం ఖర్చు కాదు, బీమా.

ఫార్మా కాకపోతే ఈ బాధ లేదా?

ఉంది. మైత్రీవనం చుట్టూ కోర్సులు నేర్చుకుని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టిన వారికి ఇదే సూత్రం జీడీపీఆర్ రూపంలో ఎదురవుతుంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం, యూరప్‌లో ఉన్న వ్యక్తులకు సేవలు అమ్ముతూ వారి సమాచారం తీసుకుంటే, మీ ఆఫీసు పంజాగుట్టలో ఉన్నా నిబంధనలు వర్తిస్తాయి. తీవ్రమైన ఉల్లంఘనలకు జరిమానా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు వేయవచ్చు. యూరప్ క్లయింటు పంపే ‘డేటా ప్రాసెసింగ్ అగ్రిమెంట్’ను చదవకుండా సంతకం చేయొద్దు.

మీరు ల్యాబ్‌లో ఉద్యోగి అయితే?

డేటా విషయంలో తనిఖీకి వచ్చేవారు చూసేవి ప్రధానంగా ఐదు. ఎవరు నమోదు చేశారో తెలియాలి. చదవగలిగేలా ఉండాలి. పని జరిగిన సమయంలోనే రాసి ఉండాలి. అసలు రికార్డు ఉండాలి. నిజమై ఉండాలి. సాయంత్రం కూర్చుని పొద్దున్నటి కాలమ్స్ నింపడం, ఒకరి లాగిన్‌తో ఇంకొకరు పనిచేయడం, తప్పు పడిన ప్రింటు చించేసి కొత్తది పెట్టడం.. ఇవి మీకు చిన్న విషయాలుగా అనిపించొచ్చు. ఇన్‌స్పెక్టర్ దృష్టిలో అవే పెద్దవి. పొరపాటు జరిగితే ఒక గీత కొట్టి, పక్కన కారణం, తేదీ, సంతకం పెడితే అది పొరపాటుగానే మిగులుతుంది. దాచిపెడితే మోసం అవుతుంది.

పై అధికారి తప్పుడు ఎంట్రీ వేయమంటే వేసిన చెయ్యి మీదే అవుతుందని మరచిపోవద్దు. సంస్థలో చెప్పినా వినకపోతే సీడీఎస్‌సీఓ దృష్టికి తీసుకెళ్లవచ్చు. ఈఎంఏ కూడా బయటి వ్యక్తుల నుంచి ఇలాంటి సమాచారం తీసుకుంటుంది.

మీరు, మీవారు వలంటీరుగా వెళ్తుంటే?

ఈ కథలో అందరికన్నా తక్కువ వినిపించే గొంతు వీళ్లదే. ఈసీజీ అనేది వలంటీరు ప్రాణ రక్షణ కోసం చేసే పరీక్ష. అది సరిగా జరగలేదంటే యూరప్‌లోని రోగి కన్నా ముందు ప్రమాదంలో పడేది హైదరాబాద్‌లో మంచం మీద పడుకున్న మనిషే. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంత యువకులు డబ్బు కోసం ఇలాంటి పరీక్షలకు వెళ్లిన సంగతి బయటపడి పెద్ద చర్చే జరిగింది.

ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. వాటి ప్రకారం బీఈ కేంద్రానికి సీడీఎస్‌సీఓ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీరు చూసుకోవాల్సినవి ఇవీ.

- కేంద్రం పేరు సీడీఎస్‌సీఓ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందా?
- సమ్మతి పత్రం మీకు తెలిసిన భాషలో ఇచ్చారా? ఒక కాపీ మీకు ఇచ్చారా? అందులో ఎథిక్స్ కమిటీని సంప్రదించే వివరాలు ఉన్నాయా?
- మధ్యలో మానుకునే హక్కు మీకు ఉంది. కారణం చెప్పాల్సిన పని లేదు.
- పరీక్ష వల్ల ఆరోగ్యం దెబ్బతింటే ఉచితంగా వైద్యం చేయించాలి. శాశ్వత నష్టం లేదా మరణం సంభవిస్తే నిర్ణీత సూత్రం ప్రకారం పరిహారం ఇవ్వాలి. పరిహారంపై ఆదేశం వచ్చాక 30 రోజుల్లో స్పాన్సర్ చెల్లించాలి.
- ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య సాధారణంగా మూడు నెలల విరామం అడుగుతారు. డబ్బు అవసరమై ఈ విషయం దాచి వేరే కేంద్రానికి వెళ్లడం మీ ఒంటికే ప్రమాదం. ఏజెంటు వెళ్లమన్నా వద్దనండి.

మరి మన మెడికల్ షాపులో మందుల సంగతి?

యూరప్ ఆపిన మందుల జాబితా అక్కడి లైసెన్సులకు సంబంధించినది. ఆ వార్త చదివి మీరు వాడుతున్న బీపీ, షుగర్ మాత్రలు మానేయొద్దు. ఇక్కడి మందులకు అనుమతులు మన చట్టం ప్రకారం వస్తాయి. చాలాకాలం పాటు పాత జెనరిక్ మందులకు రాష్ట్రాలు లైసెన్సు ఇచ్చేటప్పుడు బీఈ పరీక్ష అడిగేవి కావు. 2017 ఏప్రిల్‌లో నిబంధన మార్చి, నీటిలో సరిగా కరగని రకం ఔషధాలతో చేసే నోటి మందులకు దాన్ని తప్పనిసరి చేశారు.

ఏదైనా మందు నాణ్యత మీద అనుమానం వస్తే బిల్లు, స్ట్రిప్ దాచి ఉంచండి. బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫొటో తీసుకోండి. డీసీఏ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969కు పనిదినాల్లో ఫోన్ చేసి చెప్పండి.

యూరప్ నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్ పరీక్ష జరిగిన రోజు ఎదురుగా ఉండడు. ఏళ్ల తర్వాత వచ్చి కాగితాలు అడుగుతాడు. ఆ కాగితాన్ని నిజాయతీగా రాసే మనిషి మీద వందల మందులు, వాటి వెనక ఉద్యోగాలు, మదుపరుల పొదుపు ఆధారపడి ఉన్నాయి. ఈసారి ఏదైనా కంపెనీ ‘యూరప్ అనుమతి వచ్చింది’ అని ప్రకటిస్తే సంతోషించే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఆ అనుమతి ఏ పరీక్ష మీద నిలబడింది, ఆ పరీక్ష ఎక్కడ జరిగింది?